ఇంగ్లాండు జైల్లో ఫార్మసిస్టు ఉద్యోగం: అమ్మాయిని చేరమనవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ అయ్యాక ఇంగ్లాండు వెళ్లింది. అక్కడ విదేశీ ఫార్మసిస్టుల కోసం ఉండే ఓస్పాప్ కోర్సు, శిక్షణ, పరీక్ష పూర్తిచేసి ఫార్మసిస్టుగా రిజిస్టర్ అయింది. ఇప్పుడు ఒక జైలు ఆరోగ్య విభాగంలో ఉద్యోగానికి ఎంపికైంది. తనకు చాలా ఇష్టంగా ఉంది. మాకే మనసొప్పడం లేదు. ఖైదీల మధ్య పని క్షేమమేనా? రేపు ఆసుపత్రి ఉద్యోగాలకు ఈ అనుభవం పనికొస్తుందా? - ఒక తండ్రి

జవాబు: నన్నడిగితే చేరమనే అంటాను. అయితే సంతకం పెట్టేముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి తర్వాత వస్తాను. ముందు ఆ పనేమిటో మీకు తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

అక్కడ ఒకప్పుడు జైలు వైద్యం జైళ్ల శాఖ చేతిలోనే ఉండేది. 2003లో ఆరోగ్య శాఖ, జైళ్ల శాఖ కలిసి ఖైదీల ఫార్మసీ సేవలపై ఒక నివేదిక ఇచ్చాయి. 2006 నాటికి జైలు వైద్యం బాధ్యత అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవా వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కు మారింది. బయటి మనిషికి ఏ స్థాయి వైద్యం అందుతుందో లోపలి మనిషికీ అదే అందాలన్నది సూత్రం. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలూ ఇదే చెబుతాయి. కాబట్టి మీ అమ్మాయి అక్కడ ఆరోగ్య సిబ్బందిలో మనిషి. కాపలా ఆమె పని కాదు.

రోజూ ఆమె ముందుకొచ్చే పెద్ద ప్రశ్న ఒకటే: ఈ మందు ఈ మనిషి చేతికి ఇవ్వవచ్చా? అక్కడి వాడుకలో దీన్ని ‘ఇన్ పొజెషన్’ అంటారు. బీపీ మాత్రలైతే చాలామందికి 28 రోజులవి ఒకేసారి ఇచ్చేస్తారు, గదిలోనే దాచుకుని వేసుకుంటారు. అదే ప్రెగాబాలిన్ అయితే కథ వేరు. నరాల నొప్పికి మంచి మందే, కానీ మత్తు కోసం దాన్ని కోరేవాళ్లు లోపల ఎక్కువ. బక్కపలచని మనిషి చేతికిస్తే బెదిరించి లాక్కుంటారు, లేదా అప్పు కింద జమ వేసుకుంటారు. బ్రిటన్ 2019 ఏప్రిల్‌లో దాన్ని నియంత్రిత మందుల్లో చేర్చింది. ఇలాంటివి కిటికీ దగ్గర పూటపూటకీ ఇస్తారు: గుర్తింపు కార్డు చూడాలి, మాత్ర వేసుకుని నీళ్లు తాగాలి, నోరు తెరిచి చూపించాలి. వరుసను ఆఫీసర్ చూసుకుంటాడు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషికి పారాసిటమాల్ కూడా ఎక్కువగా చేతికివ్వరు.

అలాగని అన్నీ కిటికీ దగ్గరే ఇస్తే సరిపోదు. సాయంత్రం తొందరగా గదులకు తాళాలు పడతాయి కనుక రాత్రి పడుకోబోయేముందు వేసుకోవాల్సిన మాత్ర ఎండ ఉండగానే మింగాల్సి వస్తుంది. పైగా సొంతంగా మందు వేసుకునే అలవాటు పోయిన మనిషి విడుదలయ్యాక ఆ మందు మానేస్తాడు. మందునూ మనిషినీ పక్కపక్కన పెట్టి ఆలోచించి, ఆ నిర్ణయానికి కారణం రాసిపెట్టాలి. చదువులో నేర్చిన ఫార్మకాలజీ అంతా ఇక్కడ పనికొస్తుంది, మనుషుల్ని చదవడం కూడా వస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. కోర్టు నుంచి ఒకతన్ని సాయంత్రం తెస్తారు. స్కిజోఫ్రీనియాకు క్లోజపిన్ వాడుతున్నానంటాడు. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడన్నది ముఖ్యం. 48 గంటలు దాటితే పాత మోతాదు ఇవ్వకూడదు, మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. హెరాయిన్ లాంటి మత్తు వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ వాడేవాళ్లదీ ఇలాంటి పరిస్థితే. నాలుగు రోజులు మానేసినవాడికి ఒంటికి అలవాటు తప్పి పాత మోతాదే ప్రాణం తీయవచ్చు. వెంటనే బయటి డాక్టరుకో ఫార్మసీకో ఫోన్ చేసి నిజం తేల్చే పని ఎక్కువగా ఫార్మసీ వాళ్ల మీదే పడుతుంది.

విడుదల రోజు అంతకంటే ప్రమాదం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. జైలు నుంచి బయటికొచ్చిన తొలి రెండు వారాల్లో మరణించే ముప్పు మామూలు జనం కంటే 12.7 రెట్లు, మత్తుమందుల మోతాదు మించి చనిపోయే ముప్పు 129 రెట్లు ఉందని అది తేల్చింది. అందుకే వెళ్లేవాడి చేతికి కొన్ని రోజుల మందులో ప్రిస్క్రిప్షనో ఇస్తారు, అవసరమైనవాళ్లకు హెరాయిన్ లాంటి మత్తుమందు మోతాదు మించితే విరుగుడుగా పనిచేసే నాలోక్సోన్ కూడా ఇచ్చి పంపుతారు. శుక్రవారం విడుదలైతే వెంటనే శని, ఆదివారాలు కనుక డాక్టరూ దొరకడు, ఆఫీసులూ మూసేస్తారు. ఈ ఇబ్బంది తప్పించడానికి కొందరిని రెండు రోజుల వరకు ముందే పంపే వీలు కల్పిస్తూ 2023లో చట్టమే వచ్చింది. ఒక మందుల సంచి సమయానికి సిద్ధం చేసి మనిషిని బతికించే అవకాశం ఎన్ని ఉద్యోగాల్లో ఉంటుంది చెప్పండి?

ఇక క్షేమం మాట. తాళాల గురించీ, ప్రమాదంలో అలారం మోగించడం గురించీ చేరగానే శిక్షణ ఇస్తారు. సొంత సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదు. అడిగిన మందు ఇవ్వనప్పుడు తిట్లు పడతాయి, అది దాచను. దానికంటే జాగ్రత్తపడాల్సింది తీయని మాటలకు. ‘ఈ ఒక్కసారికి’ అంటూ మొదలయ్యే చిన్న సాయం రేపు బెదిరింపుగా మారుతుంది. ఎవరేం అడిగినా అదే రోజు పైవాళ్లకు చెప్పే అలవాటు మొదటి వారంలోనే చేసుకోమనండి.

భవిష్యత్తు విషయానికొస్తే మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్స, నియంత్రిత మందుల నిర్వహణలో ఇంత గట్టి అనుభవం ఆసుపత్రి వార్డులోనూ త్వరగా దొరకదు. అయితే ఐసీయూ, క్యాన్సర్ మందుల వైపు వెళ్లాలనుకుంటే ఇక్కడ రెండు మూడేళ్లకు మించి ఉండొద్దని నా సలహా. సెలైన్‌లో ఎక్కించే మందుల పని ఇక్కడ పెద్దగా ఉండదు.

తేల్చుకోవాల్సినవి ఇవి. పక్కన అనుభవమున్న ఫార్మసిస్టు ఉంటారా, లేక మొదటి రోజు నుంచే జైలంతా తనొక్కతే చూడాలా? ఒక్కతే అంటే ఒప్పుకోవద్దు, కొత్తవాళ్లకు అది భారం. వీసా స్పాన్సర్ ఎవరు? జైలు వైద్యం కాంట్రాక్టులు చేతులు మారుతుంటాయి. సంస్థ మారితే స్పాన్సర్షిప్ ఏమవుతుందో రాతపూర్వకంగా అడగాలి. భద్రతా తనిఖీకి వారాలు పడుతుంది. అది పూర్తయి, చేరే తేదీ చేతికొచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దని చెప్పండి.