బెంగళూరు ఐఐఎం క్యాంపస్ ఒకేసారి కట్టిందా, మెల్లగా పెరిగిందా?

అంత పెద్ద క్యాంపస్ ఒక్క దఫాలో కట్టారా, తర్వాత కలుపుతూ పోయారా అని అడిగారు. విడతలవారీగానే కట్టారండీ. నేను సివిల్ ఇంజనీర్‌ని. అక్కడ వారం రోజుల ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు క్లాసులకన్నా గోడలనే ఎక్కువ చూశాను.

సంస్థ 1973లో మొదలైంది. తొలి రోజుల్లో అద్దె భవనమే. బన్నేరుఘట్ట రోడ్డులో సుమారు 100 ఎకరాల్లో క్యాంపస్ గీసే పని 1977లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి చేతికి వచ్చింది. 1992 దాకా పని సాగింది. అంతకుముందు అహ్మదాబాద్ ఐఐఎం కట్టేటప్పుడు ఆయన అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్‌తో కలిసి పనిచేశారు. అక్కడ ఇటుక, ఇక్కడ స్థానికంగా దొరికే బూడిదరంగు రాయి. అక్బర్ కట్టించిన ఫతేపూర్ సిక్రీ నగరం నుంచి స్ఫూర్తి పొందానని ఆయనే చెప్పేవారు.

అసలు సంగతి కారిడార్లలో ఉంది. మామూలుగా మనం ముందు భవనం గీసి, తర్వాత దానికి దారి చూస్తాం. ఇక్కడ దారే ముఖ్యం. గదులు దాన్ని పట్టుకుని ఉంటాయి. కొన్నిచోట్ల పైకప్పు ఉంటుంది, కొన్నిచోట్ల ఆకాశమే, మరికొన్ని చోట్ల తీగలు పాకిన కాంక్రీటు దూలాల పందిరి. పొద్దున తొమ్మిదింటికి ఆ దూలాల నీడ నేలమీద చారలుగా పడింది. టీ టైముకి వచ్చి చూస్తే చారలు జరిగిపోయి గోడ మొదట్లో ఉన్నాయి. రాతిమీద చెయ్యి వేస్తే గరుకుగా, చల్లగా ఉంది.

నాకు వెంటనే కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది. మావయ్యల పెళ్లిళ్లయ్యాక పక్కన రెండు గదులు, వెనక ఒక వంటిల్లు వేశారు. మండువా జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అందుకే ఎన్ని గదులు కలిసినా అది అదే ఇల్లులా ఉండేది. దోషి ప్లాను కూడా అలాంటిదే: కారిడార్‌ని పొడిగించి కొత్త బ్లాకు తగిలించవచ్చు, పాతదాన్ని కొట్టనక్కర్లేదు. పెరుగుతుందని ముందే తెలిసి గీసిన ప్లాన్లు మన దగ్గర ఎంత తక్కువో రోజూ సైట్లలో చూస్తుంటాను, బాధేస్తుంది.

దోషికి 2018లో ఆర్కిటెక్చర్ రంగంలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, భారతీయుల్లో ఆయనే మొదటివారు. ఇప్పుడు సంస్థ జిగణి వైపు రెండో క్యాంపస్‌కి విస్తరిస్తోంది. మీరు బన్నేరుఘట్ట రోడ్డు క్యాంపస్‌కి వెళితే మాత్రం ఎండ ఉన్న రోజు చూసుకుని పొద్దున్నే వెళ్లండి. మబ్బు పట్టిన రోజు ఆ నీడలు కనిపించవు.