అండమాన్ కార్డు స్కాట్లాండ్‌లో పనికొస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. అండమాన్‌లో స్కూబా నేర్చుకుని ఓపెన్ వాటర్ కార్డు (తొలి మెట్టు డైవింగ్ సర్టిఫికెట్) తెచ్చుకున్నాను. సెప్టెంబరులో చదువుకోవడానికి అబర్డీన్ వెళ్తున్నా. అక్కడి సీనియర్ ఒకాయన స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల మధ్య ఉన్న స్కాపా ఫ్లో అనే సముద్రపు పాయలో మునిగిన యుద్ధనౌకలు చూద్దాం రమ్మంటున్నాడు. డిసెంబరులో కూడా చన్నీళ్లే పోసుకుంటాను, చలికి భయం లేదు. వెళ్లొచ్చా? అమ్మకు ఇప్పటికే టెన్షన్.

జవాబు: వెళ్లొచ్చు, కానీ దిగిన నెలలోనే కాదు. నాలుగు చెంబులు గుమ్మరించుకుని తువ్వాలు చుట్టుకోవడం వేరు, అరగంటకు పైగా ఆ నీళ్లలోనే ఉండటం వేరు. ఒంట్లో వేడిని నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మీరు నేర్చుకున్నది 28 డిగ్రీల నీళ్లలో. అక్కడ వేసవి చివర్లో కూడా 13 దగ్గరే, మార్చి, ఏప్రిల్‌లో అయితే 6, 7.

అందుకే అక్కడ డ్రైసూట్ వేస్తారు. మెడ, మణికట్ల దగ్గర బిగుతుగా ఉండి నీళ్లు లోపలికి రానివ్వదు, లోపల మందపాటి బట్టలు వేసుకోవాలి. చిక్కల్లా సూట్‌లో ఉండే గాలితోనే: అది పాదాల వైపు చేరిందంటే తలకిందులై ఆపుకోలేనంత వేగంగా పైకి తేలిపోతారు, డీకంప్రెషన్ జబ్బు (ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి ఒంట్లో గాలి బుడగలు కట్టడం) రావడానికి అది చాలు. పడవ మీద ఎవరో పది నిమిషాలు చెబితే వచ్చే విద్య కాదిది, విడిగా కోర్సు చేయండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) కూడా చన్నీళ్లకు పనికొచ్చేదే అడిగి తీసుకోండి. సిలిండర్‌లో కుక్కి ఉన్న గాలి బయటికొస్తూ చల్లబడుతుంది. నీళ్లూ బాగా చల్లగా ఉంటే వాల్వ్ దగ్గర మంచు కట్టి అది మూసుకోదు, గాలంతా బుసబుసా పోతుంది.

ఇక ఓడల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ అక్కడ నిర్బంధించి ఉంచిన తమ నౌకలను 1919 జూన్ 21న జర్మన్లు తామే ముంచేసుకున్నారు, 74లో 52 మునిగాయి. తర్వాత చాలావాటిని పైకి తీసి పాత ఇనుముకు అమ్మేశారు, డైవర్లు ఎక్కువగా వెళ్లేది మిగిలిన ఏడింటికి. వాటిలో మార్క్‌గ్రాఫ్ అనే నౌక 45 మీటర్ల లోతులో బోర్లా పడి ఉంది, మీ కార్డుకు 18 మీటర్లే హద్దు. తర్వాతి మెట్టు కోర్సు అడ్వాన్స్‌డ్ చేస్తే 30 దాకా వెళ్లొచ్చు, అప్పుడు సుమారు 25 మీటర్లలో ఉన్న కార్ల్‌స్రూహే అనే నౌకతో మొదలుపెట్టండి. లోపలికి మాత్రం దూరకండి, సీనియర్ ఎంత ధైర్యం చెప్పినా సరే. ఫిన్ (కాలికి తొడిగే రెక్క) తగిలి బురద లేచిందంటే వచ్చిన దారే కనపడదు. ఇనుప ముక్క కూడా తీయొద్దు, అవి చట్టరక్షణ ఉన్న చారిత్రక అవశేషాలు.

అమ్మకు దాచకుండా చెప్పండి. ముందు మీ ఇన్సూరెన్స్‌లో డైవింగ్‌కు కవర్ ఉందా, ఎంత లోతు దాకా ఉందో చదవండి.