వాట్సాప్‌లో లింకు పెడితే బొమ్మ రాకపోవడం గురించి

గూగుల్‌లో టైటిల్ సరిగ్గానే వస్తోంది, వాట్సాప్‌లో మాత్రం బొమ్మ రావట్లేదు, సైటు రియాక్ట్‌లో (పేజీని బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో కట్టే లైబ్రరీ) కట్టాం అన్నారు కదండీ, చిక్కంతా అక్కడే. గూగుల్ జావాస్క్రిప్ట్ నడిపి చూస్తుంది, వాట్సాప్ నడపదు. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌లో ఏముంటే అదే దానికి కనిపిస్తుంది.

కంట్రోల్ యు కొట్టి, వచ్చిన సోర్సులో (సర్వర్ పంపిన అసలు హెచ్‌టీఎంఎల్) ఓజీ ఇమేజ్ ట్యాగు (og:image, ప్రివ్యూలో ఏ బొమ్మ చూపాలో చెప్పేది) ఉందేమో వెతకండి. ఇన్‌స్పెక్ట్‌లో చూడొద్దు, అది స్క్రిప్ట్ నడిచాక ఉన్న పేజీ కాబట్టి ట్యాగు ఉన్నట్టే కనిపిస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే.

సోర్సులో లేకపోతే ఆ ట్యాగులు సర్వర్ దగ్గరే హెడ్‌లో (హెచ్‌టీఎంఎల్‌లో పేజీ వివరాలుండే మొదటి భాగం) పడేలా చేయండి. బొమ్మకి హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి అడ్రస్ ఇవ్వాలి, స్లాష్‌తో మొదలుపెడితే చాలదు. సైజు 1200×630 పిక్సెళ్లు, బరువు 300 కేబీ లోపు ఉంచండి.

తర్వాత ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్‌లో (లింకు ప్రివ్యూ ఎలా వస్తుందో చూపే ఫేస్‌బుక్ పేజీ) ‘స్క్రేప్ అగైన్’ నొక్కండి. వాట్సాప్‌లో పరీక్షించేటప్పుడు లింకు చివర ?v=2 లాంటిది తగిలించండి, పాత ప్రివ్యూ అడ్డు రాదు.