పెట్ట కార్జం పసుపుగా మారితే తప్పు కొలెస్ట్రాల్‌దేనా?

ప్రశ్న: మా కేజ్ లేయర్లకు (బోనుల్లో పెంచే గుడ్ల కోళ్లకు) 40 వారాలు. గుడ్లు బాగానే పెడుతున్నాయి. ఎండలు ముదిరాక బలిసిన కోళ్లే ఉన్నట్టుండి చచ్చిపోతున్నాయి. కోసి చూస్తే కార్జం పసుపుగా ఉంది, పొట్టలో రక్తం గడ్డకట్టింది. కొలెస్ట్రాల్ అంటున్నారు. తగ్గించే మందుందా?
– ఒక రైతు, అనపర్తి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: గుడ్లు పెట్టే పెట్టకు కార్జం కాస్త పసుపుగా ఉండటం మామూలే. అసలు గుర్తు ఆ రక్తం గడ్డ. ఇది ఫ్యాటీ లివర్ హెమరేజిక్ సిండ్రోమ్‌లా, అంటే కార్జానికి కొవ్వు పట్టి లోపల రక్తం కారే జబ్బులా ఉంది. కొవ్వు పట్టిన కార్జం వేలితో నొక్కితే చితికిపోతుంది. గుడ్డు కోసం ముక్కినప్పుడు చిట్లినా చాలు, కోడి పోతుంది.

నెపం కొలెస్ట్రాల్ మీద వేయకండి. మొక్కజొన్న, సోయా, తవుడులో అది దాదాపు ఉండదు. కోడి ఎక్కువగా కార్జంలోనే తయారు చేసుకుంటుంది. ఆ వేగం హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ చేతిలో ఉంటుంది. కణంలో కొలెస్ట్రాల్ పెరిగితే దాని జోరు తగ్గుతుంది. ఎక్కువైనదానికి ఏసీఏటీ ఎంజైమ్ కొవ్వు ఆమ్లం తగిలించి నిల్వ చేస్తుంది. కావాల్సినప్పుడు హైడ్రోలేజ్‌లు అనే ఎంజైమ్‌లు దాన్ని విడదీస్తాయి. కొంత భాగాన్ని పైత్యరస ఆమ్లాలుగా మార్చే పని 7-ఆల్ఫా హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ మొదలుపెడుతుంది. పెట్టకు ఇంకో దారి కూడా ఉంది: ఒక్కో గుడ్డు పచ్చసొనతో సుమారు 200 మి.గ్రా. కొలెస్ట్రాల్ బయటికి పోతుంది.

మీ కోళ్ల కార్జంలో పేరుకున్నది ఎక్కువగా ట్రైగ్లిజరైడ్, అంటే మామూలు కొవ్వు. కోళ్లలో అది ప్రధానంగా కార్జంలోనే తయారవుతుంది. గుడ్ల దశలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ దాన్ని ఇంకా పెంచుతుంది. కేజ్‌లో కదలిక తక్కువ, తిన్న శక్తి ఖర్చు కాదు. సొనకు పంపగలిగినదానికంటే ఎక్కువ తయారైతే అక్కడే మిగిలిపోతుంది. మనుషుల కొలెస్ట్రాల్ మాత్రలు పొడిచేసి దాణాలో కలిపే పని మాత్రం అస్సలు చేయొద్దు.

ముందు వేర్వేరు వరుసల నుంచి కొన్ని కోళ్లను తూచి బ్రీడ్ చార్ట్‌తో (ఆ జాతికి ఏ వయసులో ఎంత బరువుండాలో చూపే పట్టికతో) పోల్చండి. బరువు ఎక్కువుంటే దాణాలో మొక్కజొన్న, నూనె కొంచెం తగ్గించండి. ప్రొటీన్, మెథియోనిన్ (ఒక అమైనో ఆమ్లం) తగ్గకూడదు, గుడ్లు పడిపోతాయి. కొవ్వును కార్జం నుంచి బయటికి పంపడానికి కోలిన్ అనే విటమిన్ లాంటి పోషకం కావాలి. కోలిన్ క్లోరైడ్, విటమిన్ ఇ, బి12 మోతాదు మీ పశువైద్యులతో రాయించుకోండి. అన్నట్టు, కోలిన్‌ను విటమిన్ ప్రీమిక్స్‌లో (దాణాలో కలిపే విటమిన్ల మిశ్రమంలో) కలిపి నిల్వ పెట్టకండి; అది తేమ పీల్చి విటమిన్లను పాడు చేస్తుంది.

బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా కార్జాన్ని ఇలాగే చేస్తుంది. దాణా శాంపిల్‌ను, అప్పుడే చనిపోయిన కోడిని ల్యాబ్‌కు పంపండి.