ఇంటి పన్ను పెంచే తీర్మానానికి చెయ్యెత్తే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వచ్చే మున్సిపల్ కౌన్సిల్ మీటింగులో ఇంటి పన్ను పెంపు అజెండాకి వస్తోందని రాశావు. రిజిస్ట్రేషన్లు తగ్గాయి, ప్లాన్ ఫీజులు రావడం లేదు, కాంట్రాక్టర్ల బిల్లులు పేరుకుపోయాయి, కాబట్టి పెంచక తప్పదని చైర్మన్ గారు అంటున్నారని, మీ వార్డులో జనమేమో గుమ్మం తొక్కనివ్వరని భయపడుతున్నావు. పెంచడమే పాపం అని నేను అనను. కానీ రేటు సంగతి అన్నిటికన్నా చివర చూడాల్సింది. దానికంటే ముందు చూడాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. అవి చూడకుండా అటు చెయ్యెత్తినా, ఇటు వాకౌట్ చేసినా ఊరికి ఒరిగేదేమీ లేదు.

మొదట, ఏ ఆదాయం తగ్గిందో విడదీయించు. "రాబడి పడిపోయింది" అనే ఒక్క ముక్క కింద మూడు రకాలు కలిసిపోతాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి చేతులు మారినప్పుడు వసూలయ్యే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం మున్సిపాలిటీకి రావాల్సిన సొమ్ము. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జమై, ప్రభుత్వం చేతుల మీదుగా ఆలస్యంగా వస్తుంది. అసలు తగ్గిందా, లేక రావాల్సింది రాలేదా అన్నది వేరువేరు సంగతులు. రాకపోతే దానికి మందు ఉత్తరాలు రాసి వెంటపడటం, జనం మీద పన్ను వేయడం కాదు. రెండోది ప్లాన్ అప్రూవల్, డెవలప్‌మెంట్ చార్జీలు. ఇవి రియల్ ఎస్టేట్‌తో పాటు లేచి పడేవి. ఊపు మీదున్నప్పుడు ఆ డబ్బుతో ప్రతి నెలా కట్టాల్సిన జీతాలు, కరెంటు బిల్లులు సర్దుకుని ఉంటే ఇప్పుడు లోటు కనబడక మానదు. మూడోది మళ్లీ ఎప్పటికీ రానిది. 2017లో జీఎస్టీ వచ్చాక ప్రకటనల పన్ను వేసే అధికారమే పోయింది, అలాంటివి. మూడేళ్ల జమాఖర్చులు నెలవారీగా, పద్దులవారీగా అడుగు. తాత్కాలికంగా పడ్డ లోటుకి శాశ్వతంగా పన్ను పెంచుతున్నామా అన్నది అక్కడే తేలుతుంది.

రెండో కాగితం డీసీబీ. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్, అంటే రావాల్సిన పన్ను, వసూలైనది, మిగిలిన బాకీ. దీన్ని మొత్తంగా చూపిస్తే తీసుకోవద్దు. పాత బాకీ వేరుగా, ఈ ఏటి డిమాండ్ వేరుగా, వడ్డీ వేరుగా, వార్డులవారీగా ఇమ్మను. ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే. ఈ ఏటి డిమాండ్ 4 కోట్లు, అందులో వసూలైంది 2.80 కోట్లు, అంటే 70 శాతం. పాత బాకీ 3 కోట్లు, అందులో వచ్చింది 60 లక్షలు. ఇప్పుడు రేటు 15 శాతం పెంచావనుకో. డిమాండ్ 60 లక్షలు పెరుగుతుంది. కానీ వసూలు అదే 70 శాతం అయితే ఖజానాకి చేరేది 42 లక్షలే, మిగిలిన 18 లక్షలు కొత్త బాకీ. రేటు ముట్టుకోకుండా వసూలు 70 నుంచి 85 శాతానికి తెస్తే వచ్చేది 60 లక్షలు. పైగా వసూలు సరిగ్గా లేనిచోట రేటు పెంచితే ఆ భారమంతా ఇప్పటికే నిజాయితీగా కట్టేవాడి మీదే పడుతుంది. ఎగ్గొట్టేవాడికి రేటు ఎంతయితేనేం? ఈ అన్యాయం గురించి మీటింగులో గట్టిగా మాట్లాడు.

ఆ పాత బాకీ 3 కోట్లను కూడా నాలుగు ముక్కలు చేయించు: ప్రభుత్వ కార్యాలయాలవి, కోర్టులో ఉన్నవి, అసలు లేని ఇళ్లవి, నిజమైన ప్రైవేటు బాకీలు. "లేని ఇళ్లు" అంటే ఆశ్చర్యపోకు. కూల్చి కొత్తది కట్టిన ఇంటికి కొత్త అసెస్‌మెంట్ నంబరు, అంటే పన్ను రిజిస్టరులో నంబరు, వేస్తారు, పాతది కొట్టేయరు. అన్నదమ్ములు పంచుకున్న ఇంటికి రెండు కొత్త నంబర్లు వస్తాయి, తండ్రి పేరున ఉన్నది అలాగే నడుస్తుంటుంది. రిజిస్టరులో డిమాండ్ పెరుగుతూనే ఉంటుంది, వసూలు చేయడానికి మనిషి ఉండడు. దానికి నెలకు 2 శాతం వడ్డీ కూడా. కాగితం మీద కోట్ల బాకీ, చేతికి చిల్లిగవ్వ రాదు. ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చేత విచారణ చేయించి, రాతపూర్వకంగా తీసేయించాలి. లేకపోతే ఏటా ఈ దొంగ అంకెను చూపించే మిమ్మల్ని భయపెడతారు.

ప్రభుత్వ భవనాల సంగతి. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు పన్ను కట్టాలి, కానీ బడ్జెట్ రాలేదంటారు. కమిషనర్ మార్చిలో ఒక నోటీసు పంపి ఊరుకుంటే రాదు. ఆయా శాఖలు వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు తయారుచేసే సమయానికే డిమాండ్ చేరాలి. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణం కింద పన్ను లేదు. అయితే సర్వీసు చార్జీ వసూలు చేయొచ్చు. మున్సిపల్ సేవలన్నీ వాడుకుంటే పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50, ఏవీ వాడుకోకపోతే మూడో వంతు. 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఈ లెక్క ఖాయమైంది. మీ ఊళ్లో రైల్వే క్వార్టర్లు, పోస్టాఫీసు ఉన్నాయి కదా, ఏది ఏ కోవలోకి వస్తుంది, ఎవరితో ఒప్పందం ఉంది, ఎవరితో లేదు అని అడుగు.

ఇక అసలు పని వీధిలో ఉంది. మెయిన్ రోడ్డులో ఒక వంద గజాల మేర, వార్డు అడ్మిన్ సెక్రటరీని వెంట తీసుకుని, అసెస్‌మెంట్ రిజిస్టరు ప్రింటు చేతిలో పట్టుకుని నడువు. ఒక మేడ దగ్గర ఆగి మెట్ల కింద చూడు. కరెంటు మీటర్లు వరసగా ఏడు ఉంటాయి. రిజిస్టరులో మాత్రం అదే డోరు నంబరు మీద "పెంకుటిల్లు, సొంత నివాసం" అని ఉంటుంది. కింద మందుల షాపు, పైన ట్యూషన్ సెంటరు, ఆ పైన రెండు పోర్షన్లు అద్దెకు. ఆ ఒక్క మేడ నుంచి రావాల్సిన తేడా, వెనక వీధిలో ఇరవై చిన్న ఇళ్ల మీద మీరు పెంచబోయే మొత్తం కంటే ఎక్కువ ఉండొచ్చు.

ఊరంతా ఇలా నడవలేరు, కాబట్టి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి కనెక్షన్ల జాబితా తెప్పించమను. కేటగిరీ 1 ఇళ్లవి, కేటగిరీ 2 వ్యాపారానివి. కేటగిరీ 2 మీటరు ఉండి మన రిజిస్టరులో నివాసంగా ఉన్నవన్నీ మొదటి జాబితా. ఐదారు మీటర్లుండి ఒకే అసెస్‌మెంట్ ఉన్నవి రెండో జాబితా. టౌన్‌ప్లానింగ్ వాళ్లు గత మూడేళ్లలో ఇచ్చిన ప్లాన్లలో ఇంకా పన్ను పడనివి మూడోది. ఈ మూడింటినీ డోరు నంబరుతో జత చేయడమే కష్టం. డిస్కం సర్వీసు నంబరు వేరు, మన అసెస్‌మెంట్ నంబరు వేరు, పేర్లు ఒక్కో చోట ఒక్కోలా రాసుంటాయి. వార్డు సచివాలయం వాళ్లు ఇంటింటికీ వెళ్లి రెండు నంబర్లూ ఒకే కాగితం మీద రాసుకొస్తే తప్ప కుదరదు. వార్డుకి నెల పట్టొచ్చు, తొందరపెట్టి ఆఫీసులో కూర్చుని నింపిస్తే మళ్లీ మొదటికే.

ఖాళీ స్థలాలు కూడా మరువకు. లేఅవుట్లలో ప్లాటు కొని పక్క ఊళ్లో ఉండేవాళ్లకి ఖాళీ స్థలం పన్ను నోటీసే చేరదు. అమ్ముకోబోయేటప్పుడు వడ్డీతో కలిపి చూసి లబోదిబోమంటారు.

ఇవన్నీ చేశాక కూడా జీతాలకి, నీళ్ల మోటార్ల కరెంటుకి చాలదని తేలితే, అప్పుడు రేటు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఇంటి లెక్క వేసి చూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ పద్ధతి వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ విలువల ప్రకారం స్థలం ఖరీదు, కట్టడం ఖరీదు కలిపి దాని మీద శాతం. నివాసానికి 0.10 నుంచి 0.50 దాకా, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం దాకా. 150 గజాల స్థలం, గజం 10,000 అనుకుంటే 15 లక్షలు. వెయ్యి అడుగుల కట్టడం, అడుగు 1,200 చొప్పున 12 లక్షలు. మొత్తం 27 లక్షలు. రేటు 0.15 శాతం అయితే ఏడాదికి 4,050 రూపాయలు, దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు అదనం. ఆ ఇంటికి పాత పన్ను 1,800 అయితే ఒక్కసారిగా 4,050 వేయరు, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి మొదటి ఏడు 2,070, తర్వాత 2,380, అలా మెట్లు ఎక్కుతూ ఆరో ఏటికి 4,050 చేరుతుంది.

జనానికి ఈ మెట్ల సంగతి ముందే చెప్పకపోవడం వల్లే గొడవలన్నీ. "ఈసారికి 15 శాతమే" అని విన్నవాడు మరుసటి ఏడు మళ్లీ పెరిగేసరికి మోసం అంటాడు. ఏటా 15 చొప్పున ఐదేళ్లు పెరిగితే పన్ను రెట్టింపవుతుంది, వేసి చూసుకో. ఇంకో చిక్కు. కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్ను ఉండదు కాబట్టి దానికి పరిమితీ లేదు, మొదటి రోజు నుంచే 4,050. పక్కపక్కన ఒకేలాంటి రెండు ఇళ్లు, ఒకరికి 2,070, ఒకరికి దాదాపు రెట్టింపు. మీ ఇంటికొచ్చి నిలదీసేది ఈ రెండో మనిషే. సబ్ రిజిస్ట్రార్ విలువలు సవరించినప్పుడల్లా, మీరు రేటు ముట్టుకోకపోయినా, చేరాల్సిన మెట్టు పైకి జరుగుతుంది. అందుకని "రేటు మార్చలేదు" అన్న మాటని నమ్మి కూర్చోకు. ఒక పాత ఇల్లు, ఒక కొత్త ఇల్లు, ఒక కిరాణా కొట్టు, ఒక ఆసుపత్రి, నాలుగింటికీ ఐదేళ్ల లెక్క వేసి అజెండా నోటుకి జత చేయమను.

375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవాళ్లకి ఏడాదికి 50 రూపాయలే. మీ వార్డులో కాలనీ ఇళ్లలో అది అందరికీ పడిందో లేదో సరిచూడు. అలాగే పెద్ద ఇంటిని కాగితాల మీద పోర్షన్లుగా విడగొట్టి ఈ లాభం తీసుకున్నవాళ్లుంటారు, వాళ్లనీ చూడు. బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలని రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం) కింద క్రమబద్ధీకరించుకున్నా, అనుమతి లేని కట్టడం జరిమానా పన్నులో ఇంకా పడుతున్న ఇళ్లు ఉంటాయి. అది పన్ను మీద 25 శాతం నుంచి 100 శాతం దాకా ఉంటుంది, మామూలు పెంపు దాని ముందు ఎంత? తీయించగలిగితే ఆ కుటుంబాలకి నిజమైన మేలు.

షాపుల రేటు ఎక్కువ పెంచి ఇళ్లని వదిలేద్దాం అనే మాట మీటింగులో తప్పకుండా వస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ మన ఊళ్లలో అద్దె ఒప్పందం ప్రకారం చాలాచోట్ల పన్ను కట్టేది అద్దెకున్న చిన్న వ్యాపారి. ఇంటికీ షాపుకీ తేడా మరీ పెరిగితే, షాపుని ఇల్లుగా రాయించుకోవడానికి చేతులు తడపడమూ పెరుగుతుంది.

"అసలు పెంచనే వద్దు" అని మీ పక్షం వాళ్లు అంటే వాళ్లకీ ఒక మాట చెప్పు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి గ్రాంట్లు ఇస్తూ షరతు పెట్టింది. పన్నుకి కనీస రేట్లు ప్రకటించాలి, 2022-23 నుంచి వసూలు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలి. ఇలాంటి షరతులున్నప్పుడు వసూలు ఎదుగూబొదుగూ లేకుండా ఉంటే తాగునీటికి, పారిశుధ్యానికి వచ్చే డబ్బుకే ఎసరు. పెంచకపోవడానికీ ఖరీదుంటుంది.

తీర్మానం పద్ధతి ప్రకారం నడవాలి. మున్సిపాలిటీల చట్టం ప్రకారం పెంచే ఉద్దేశాన్ని ముందు ప్రకటించి, అభ్యంతరాలకి నెలకు తక్కువ కాకుండా గడువిచ్చి, వచ్చినవి పరిశీలించాకే తీర్మానం. ముందుగా పంపకుండా మీటింగులోనే టేబుల్ అజెండాగా పెడితే ఒప్పుకోవద్దు. అభ్యంతరాలు నోటిమాటగా వస్తే లెక్కలోకి రావు. మీ వార్డువాళ్ల చేత అసెస్‌మెంట్ నంబరు వేసి, రాతపూర్వకంగా ఇప్పించి, రసీదు తీసుకోమను. నీకు నచ్చకపోతే డిసెంట్ నోట్ (అసమ్మతి పత్రం) రాసి మీటింగు మినిట్స్‌లో ఎక్కించు, వాకౌట్ చేస్తే అది కూడా ఉండదు.

పెంపుకి ఒప్పుకునేటట్టయితే తీర్మానంలో మూడు ముక్కలు రాయించు. అదనంగా వచ్చేది ఏ పద్దుకి వెళుతుందో, ఫలానా ట్యాంకు, ఫలానా డ్రైనేజీ అని. ప్రతి మూడు నెలలకీ వార్డులవారీ డీసీబీ సచివాలయం గోడ మీద అంటించాలని. బాకీల్లో మొదటి వంద మందిపై తీసుకున్న చర్య ప్రతి మీటింగుకీ పెట్టాలని. వడ్డీ మాఫీ కోసం తీర్మానాలు మాత్రం మాటిమాటికీ అడగొద్దు. నెలకు 2 శాతం అంటే 10,000 బాకీకి ఐదేళ్లకి వడ్డీయే 12,000. మాఫీ వస్తుందని తెలిసినవాడు మార్చిలో కట్టడు, మాఫీకోసం ఆగుతాడు. ఏప్రిల్ నెలలోపు ఏడాదిది మొత్తం కడితే 5 శాతం రిబేటు ఉంది చూశావా, దాన్ని గురించి ఆటోలో మైకు పెట్టి చెప్పించండి. డబ్బు ఏప్రిల్లోనే వస్తే ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లకి వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడేమో సిబ్బందిని మార్చిలో పరుగెత్తించి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వదిలేస్తున్నారు.

చెత్త పన్ను సంగతి మరిచిపోవద్దు. 2021లో మొదలైంది, ఇంటికి నెలకు 120 రూపాయల దాకా. మొత్తం చిన్నదే. కానీ ప్రతి నెలా గుమ్మం ముందు నిలబడి అడిగేసరికి జనానికి అది పదింతలుగా కనిపించింది. 2024 చివరికి ఎత్తేయక తప్పలేదు. పన్ను ఎంత అన్నదే కాదు, ఎలా అడుగుతున్నాం, దానికి ఏం కనబడుతోంది అన్నదాని మీదే జనం కట్టడం, కట్టకపోవడం ఆధారపడుతుంది. పేదల ఇళ్లకి కుళాయి కట్ చేసి, బకాయిదారు కల్యాణమండపానికి నోటీసుతో సరిపెడితే మీ మాట ఎవరూ వినరు. జప్తు నోటీసులు పెద్దవాళ్ల దగ్గర మొదలుపెట్టించు.

సమాచారం అడిగేటప్పుడు కమిషనర్ గారికి రాతపూర్వకంగా, ఒక్కో అంశానికి ఒక్కో నంబరు వేసి ఇవ్వు. కాపీ మీద ఇన్‌వార్డు స్టాంపు వేయించుకో. డీసీబీ చేతికొచ్చాక వార్డుల మొత్తాలు కూడితే మొదటి పేజీ అంకె వస్తుందో లేదో చూడు. తేడా వస్తే ఆ కాగితాలు నాకూ పంపు, నేనూ ఒకసారి కూడి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి