జార్జియాలో మెడికెయిడ్ కోసం తిరగబోతున్న మా అమ్మలుకు

అమ్మలూ,

జార్జియాలో మెడికెయిడ్ విస్తరణ కోసం, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమాను ఇంకా ఎక్కువ మందికి ఇప్పించడం కోసం పనిచేసే వాలంటీర్లలో చేరావనీ, ఒక్కో నియోజకవర్గానికీ అక్కడి శాసనసభ్యుడికి ఇచ్చే ఒక్కో పేజీ తయారుచేసే పని నీకు అప్పగించారనీ విని సంతోషించాను. మా నార్త్ కరోలినాలో ఇది ఎలా వచ్చిందో చెప్పమన్నావు. ఫోన్‌లో అయితే మధ్యలో పిల్లలు, నీ ఆఫీసు మీటింగులు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మా దగ్గర ఇది ఒక్క ఏడాదిలో అయిన పని కాదు. శాసనసభ ఒప్పుకోనిదే విస్తరణ కుదరదని 2013లోనే చట్టం చేసి పెట్టారు. మీ జార్జియా కూడా 2014లో అదే చేసింది. అంటే గవర్నరు మనవాడైనా ఒక్కడే ఏమీ చేయలేడు. 2019లో అప్పటి మా గవర్నరు రాయ్ కూపర్ ఈ విషయం మీదే బడ్జెట్‌ను వీటో చేశారు, అయినా ఫలితం లేదు. ఏళ్ల తరబడి వద్దన్న సెనేట్ నాయకుడు ఫిల్ బర్గర్ 2022లో తనే మద్దతు ప్రకటించాక కదిలింది. ఆ జూన్‌లో సెనేట్ 44–1తో ఒప్పుకుంది. 2023 మార్చి 27న సంతకం అయింది, డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాది గడిచేసరికి 6 లక్షల మంది చేరారు. రెండు సభల్లోనూ రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న రాష్ట్రంలో జరిగిందిది. ఇది మాత్రం బాగా గుర్తు పెట్టుకో.

ఎందుకంటే నీ పేజీ ఎవరి కోసం రాస్తున్నావన్నది అక్కడే తేలిపోతుంది. మీ ఇంటి చుట్టుపక్కల, జాన్స్ క్రీక్‌లోనో డెకేటర్‌లోనో, ముందే సరేనన్న సభ్యులకు ఎంత అందమైన కాగితం ఇచ్చినా కొత్త ఓటు రాదు. జార్జియాలో ప్రతినిధుల సభ 180 మంది, సెనేట్ 56 మంది. నీకు కావలసిన ఓటు సౌత్ జార్జియాలో ఏ పల్లె నియోజకవర్గంలోనో ఉంటుంది. అక్కడి సభ్యుడు నిన్ను ఎరగడు, నువ్వు ఆయన ఓటరువి కావు. ఆయన్ని మనసులో పెట్టుకుని రాయి. పార్టీ పేర్లు, ఒబామా పేరు, దేశం మొత్తం అంకెలు ఆ పేజీలో వద్దు. ఆయన ఊళ్లు, ఆయన ఆసుపత్రి, ఆయన మనుషులు ఉంటే చాలు.

మా వైపు బెల్‌హేవెన్ అని సముద్రం దగ్గర చిన్న ఊరు. అక్కడి ఆసుపత్రి 2014లో మూతపడితే మేయర్ ఆడమ్ ఓ'నీల్ వాషింగ్టన్ దాకా 273 మైళ్లు నడిచి వెళ్లారు. ఆయన రిపబ్లికన్, అయినా మెడికెయిడ్ విస్తరించమనే అడిగారు. మాలాంటి వాళ్లం వంద మందిమి చెప్పినా ఆ ఒక్క మనిషి మాటకున్న బరువు రాదు. తర్వాత కౌంటీ కమిషనర్లు ఒక్కొక్కరుగా మద్దతు తీర్మానాలు చేశారు. శాసనసభ లోపల, విన్‌స్టన్-సేలం నుంచి గెలిచిన డానీ లాంబెత్, ఒకప్పుడు పెద్ద ఆసుపత్రి నడిపిన మనిషి, సొంత పార్టీ వాళ్లకే ఏళ్ల పాటు చెబుతూ వచ్చారు. 2019లో పని షరతులు, నెలవారీ ప్రీమియం పెట్టి బిల్లు తెచ్చినా పాస్ కాలేదు. 2023లో పాసైన బిల్లులోనూ ముందున్నది ఆయనే. మీ వైపు అలాంటి వాళ్లు ఎవరున్నారో ముందు వెతుకు. షెరీఫ్, ఫార్మసిస్టు, పాస్టర్, కౌంటీ ఆసుపత్రి బోర్డు మెంబర్, వీళ్లలో ఒక్కరు నీ కాగితం పట్టుకుని వెళ్తే నీ పని సగం అయినట్టే.

ఇక లెక్కల సంగతి. నీకు టెన్షన్ ఇక్కడే ఉంటుందని తెలుసు. సెన్సస్ వాళ్ల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో శాసనసభ నియోజకవర్గాల వారీగా ఇన్సూరెన్స్ లేనివాళ్ల పట్టికలు ఉంటాయి. ఐదేళ్ల అంచనాలే తీసుకో, ఏడాదివి చిన్న ప్రాంతాలకు దొరకవు. ప్రతి అంకె పక్కన 'మార్జిన్ ఆఫ్ ఎర్రర్' అని, ఆ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే ఇంకో అంకె ఉంటుంది. దాన్ని దాచేసి దశాంశాల దాకా వేశావనుకో, సభ్యుడి ఆఫీసులో పనిచేసే కుర్రాడు పది నిమిషాల్లో పట్టేస్తాడు. ఆ తర్వాత మీ పేజీల్లో ఒక్కటీ ఎవరూ నమ్మరు. "సుమారు ఎనిమిది వేలు" అనిపించే అంకె వచ్చిందా, అలాగే రాసేయ్. విస్తరణ హద్దు అయిన పేదరిక రేఖకు 138 శాతం లోపు ఉన్నవాళ్ల లెక్క విడిగా కావాలంటే సెన్సస్ వాళ్లదే ఇంకో లెక్క ఉంది, కానీ అది కౌంటీల వారీగా ఇస్తారు. నియోజకవర్గం రెండు మూడు కౌంటీల్లోకి పాకి ఉంటే ఆ కౌంటీల పేర్లు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వే భాగాలు వేసి కొత్త అంకె పుట్టించకు.

నియోజకవర్గాల హద్దులు కూడా చూసుకో. కోర్టు తీర్పు వచ్చాక 2023 చివర్లో జార్జియా మ్యాపులు మళ్లీ గీశారు, 2024 ఎన్నికలు వాటి మీదే జరిగాయి. పాత హద్దుల పట్టిక పట్టుకుని కొత్త సభ్యుడి దగ్గరికి వెళ్తే పరువు పోతుంది. అన్నట్టు ఫోర్‌సైత్ కౌంటీ మీ దగ్గరా ఉంది, మా దగ్గరా ఉంది. కమింగ్ ఉన్న ఫోర్‌సైత్ అంకెలా, విన్‌స్టన్-సేలం ఉన్న ఫోర్‌సైత్ అంకెలా అన్నది రెండుసార్లు చూసుకో. నవ్వకు.

పేజీలో బొమ్మలూ గ్రాఫులూ తగ్గించి ఒక మనిషి లెక్క వెయ్యి. కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, వారానికి 40 గంటలు, ఏడాదంతా ఒక్క రోజు మానకుండా పనిచేస్తే వచ్చేది 15,080 డాలర్లు. 2025లో ఒంటరి మనిషికి పేదరిక రేఖ 15,650. రోజంతా కష్టపడినా రేఖ కిందే. పూర్తి విస్తరణ బదులు మీ రాష్ట్రం 2023 జులైలో పెట్టిన పాత్‌వేస్ అనే పథకం ఆ రేఖ వరకే. అదీ నెలకు 80 గంటల పనో, చదువో, అలాంటి మరొకటో చూపిస్తేనే. మొదటి ఏడాది చివరికి అందులో ఐదు వేల మంది కూడా చేరలేదు. విస్తరణ అయితే 138 శాతం వరకు, అంటే 2025 లెక్కలో 21,597 డాలర్ల వరకు వస్తుంది. ఇంకో తేడా కూడా పేజీలో ఉండాలి. విస్తరణ ఖర్చులో ఫెడరల్ వాటా 90 శాతం, పాత్‌వేస్‌కు వచ్చేది మామూలు వాటా, మూడింట రెండు వంతులే. తక్కువ మందికి, ఒక్కొక్కరి మీద ఎక్కువ సొంత డబ్బు పెడుతున్నారన్న మాట. డబ్బు లెక్క చూసే సభ్యుడు ఆగేది ఈ వాక్యం దగ్గరే.

మూతపడిన ఆసుపత్రుల గురించి జాగ్రత్తగా మాట్లాడు. రాండాల్ఫ్ కౌంటీలో కత్‌బర్ట్ ఆసుపత్రి 2020 అక్టోబర్‌లో, కోవిడ్ మధ్యలో మూతపడింది. ఆ ప్రాంతం వాళ్లకు అది ఇంకా పచ్చి గాయం. విస్తరణ ఉంటే అది బతికేదని మాత్రం రాయకు. పల్లె ఆసుపత్రి కష్టాలకు కారణాలు చాలా ఉంటాయి, ఆ సంగతి ఆ సభ్యుడికి నీకంటే బాగా తెలుసు. బిల్లు కట్టలేని రోగుల భారం తగ్గుతుందని రాయి, అది నిజం. నేను ఆసుపత్రి బిల్లింగులో పనిచేసిన రోజుల్లో చూసింది అదే. ఇన్సూరెన్స్ లేని మనిషి షుగర్ మందు మానేసి, చివరికి ఎమర్జెన్సీ రూమ్‌కు వస్తాడు. ఆ బిల్లు వాడూ కట్టలేడు, ఆసుపత్రికీ రాదు.

ఇప్పుడు కాస్త చేదు మాట. మా దారి మీకు అచ్చంగా పనికిరాదు. మా రాష్ట్రం వాటా ఆసుపత్రులు కట్టే ప్రత్యేక పన్ను నుంచి వస్తోంది. 2025 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం అలాంటి పన్నులు కొత్తగా వేయకుండా, పెంచకుండా ఆపేసింది. కొత్తగా విస్తరించే రాష్ట్రాలకు రెండేళ్ల పాటు ఇస్తామన్న అదనపు డబ్బు కూడా 2026 జనవరి నుంచి లేదు. మీ గ్రూపు పాత కాగితాల్లో ఆ బోనస్ మాట కచ్చితంగా ఉండి ఉంటుంది, వెతికి తీసెయ్. 2027 జనవరి కల్లా విస్తరణ కింద చేరిన పెద్దవాళ్లకు, మినహాయింపు ఉన్నవాళ్లకు తప్ప, నెలకు 80 గంటల పని నిబంధన వస్తుంది, అర్హత ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తారు. కాబట్టి "పాత్‌వేస్‌లో పని షరతు ఉంది, విస్తరణలో ఉండదు" అనే వాదన ఇక చెల్లదు. ఆదాయ హద్దు, ఫెడరల్ వాటా, ఈ రెండూ ఇంకా నిలబడతాయి, వాటినే పట్టుకో. మా చట్టంలో ఇంకో షరతు ఉంది. ఫెడరల్ వాటా 90 కంటే తగ్గితే విస్తరణ ఆగిపోతుంది. "రేపు వాషింగ్టన్ డబ్బు తగ్గిస్తే మా గతేంటి" అని మీ సభ్యుడు అడిగితే ఈ షరతు చూపించు. నాకైతే ఆ షరతు ఎప్పుడూ నచ్చలేదు, కానీ దాని వల్లే కొన్ని ఓట్లు వచ్చాయని నా నమ్మకం.

కలవడం విషయానికొస్తే, మీ సెషన్ జనవరి రెండో సోమవారం మొదలై సభ కూర్చునే 40 రోజుల్లో ముగుస్తుంది. 28వ రోజు దాటితే ఒక సభలో పాస్ కాని బిల్లుకు ఆ ఏడాది దాదాపు దారి మూసుకుపోయినట్టే. ఆ హడావిడిలో చాంబర్ బయట తాడు పక్కన నిలబడి, చీటీ రాసి, లోపలికి కబుర్లు అందించే పిల్లల (వాళ్లను 'పేజ్' అంటారు) చేతికిచ్చి పిలిపిస్తే రెండు నిమిషాలు దొరుకుతాయేమో. వాళ్లు వేసవిలో, శరదృతువులో సొంత ఊళ్లలోనే ఉంటారు, ఎక్కువమందికి వేరే ఉద్యోగం ఉంటుంది. అప్పుడు వాళ్ల ఓటరునే ముందు పెట్టుకుని వెళ్లండి. నువ్వు పక్కన కూర్చుని అంకె అడిగినప్పుడు మాత్రం చెప్పు. జవాబు తెలియకపోతే కనుక్కుని రెండు రోజుల్లో పంపు. "కుదరదు" అన్నవాళ్లకు కూడా మర్నాడు థాంక్స్ చెప్తూ నోట్ పంపు.

మన తెలుగువాళ్ల దగ్గరికి వెళ్తే మొదట వినిపించేది "మనకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా" అన్న మాట. ఇక్కడే పుట్టిన పిల్లలకు 26 నిండగానే మన ఇన్సూరెన్స్ నుంచి పేరు పోతుందని గుర్తు చెయ్యి. ఇండియా దుకాణాల్లో, రెస్టారెంట్లలో పనిచేసే మన సిటిజన్ల గురించీ చెప్పు. "మా అమ్మానాన్నలకు వస్తుందా?" అని తప్పకుండా అడుగుతారు. ఆశ పెట్టకు. విస్తరణ 19 నుంచి 64 ఏళ్ల వాళ్లకు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లు ఆగాలి, హెచ్-1బి వాళ్లకు లేనే లేదు. "మన ఆరోగ్యశ్రీ లాంటిదా" అంటే, ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన చికిత్సలకు, ఇది మామూలు డాక్టర్ విజిట్‌కూ, నెలనెలా మందులకూ కూడా అని చెప్పు.

మీ ఆయనకు ఇంకా గ్రీన్ కార్డు రాలేదు కదా, అభ్యర్థుల ఎన్నికల చందాల జోలికి తనను వెళ్లనివ్వకు. అది చట్టవిరుద్ధం. సభ్యుడితో మాట్లాడటానికీ, ఉత్తరం రాయడానికీ ఏ అడ్డూ లేదు. గుడి కమిటీ వాళ్లు భయపడితే, ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమనడం కుదరదు కానీ ఒక చట్టం గురించి కొంతవరకు మాట్లాడొచ్చని చెప్పి, వాళ్ల అకౌంటెంట్‌ను అడిగి తేల్చుకోమను.

మొదట మూడు సౌత్ జార్జియా నియోజకవర్గాలు పూర్తిచేసి నాకు పంపు. పట్టికలు ఏ ఏడాదివో, ఏ హద్దులవో పైన రాసి మరీ పంపు. ఆదివారం కూర్చుని అంకెలు చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ