స్పానిష్ ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్: రూపాలు ఎలా కట్టాలి, ఎక్కడ వాడాలి?

రెగ్యులర్ (మామూలు పద్ధతిలో మారే) క్రియకు ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్ రూపాలు, అంటే ఊరికే ఊహించేదాన్నో గతంలో చేయమన్నదాన్నో చెప్పే రూపాలు, ఎలా వస్తాయి, ఎప్పుడు వాడాలి అని అడిగారు. ముందే టేబుల్ బట్టీ పట్టకండి. ‘వాళ్లు చేశారు’ అనే భూతకాల రూపం తెలిస్తే చాలు, మిగతాదంతా అందులోంచే వస్తుంది.

మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల ఎగుమతిలో ప్రపంచంలోనే ముందున్న ఈక్వడార్ రైతుల వీడియోలు అర్థం కావాలని స్పానిష్ మొదలుపెట్టాను. అందుకే చెరువు గట్టు మీద పనికొచ్చే ‘బహార్’ తీసుకుంటాను. తగ్గడం, తగ్గించడం అని అర్థం. ‘వాళ్లు తగ్గించారు’ అంటే బహారొన్. చివరి ‘రొన్’ తీసేసి ర, రస్, ర, రమొస్, రైస్, రన్ చేర్చండి. నేను బహార, నువ్వు బహారస్, అతను బహార, మేము బహారమొస్, మీరంతా (స్పెయిన్‌లో) బహారైస్, వాళ్లు బహారన్. తినడం ‘కొమేర్’ అయితే కొమియేరొన్ నుంచి కొమియేర, పెరగడం ‘సుబీర్’ అయితే సుబియేరొన్ నుంచి సుబియేర. ఇర్రెగ్యులర్ క్రియలదీ ఇదే దారి: కలిగి ఉండడం ‘తెనేర్’ అయితే తుబియేరొన్, తుబియేర.

మనవాళ్లు తడబడేది వాడకంలో. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోవడం మామూలే కాబట్టి ‘పడిపోతే ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) వేస్తాను’ అనడానికి సి బాహ ఎల్ ఒక్సీహెనొ, ప్రేందొ లొస్ ఐరెయదోరెస్. ఇక్కడ సబ్‌జంక్టివ్ అక్కర్లేదు. ఇప్పుడు పడిపోయే సూచన ఏమీ లేదు, ఊరికే ఊహిస్తున్నాం అనుకోండి: సి బహార ఎల్ ఒక్సీహెనొ, ప్రెందెరీయ లొస్ ఐరెయదోరెస్. తెలుగులో ‘పడిపోతే’ రెండు చోట్లా మారదు, ‘వేస్తాను’ కాస్తా ‘వేసేవాణ్ణి’ అవుతుంది. స్పానిష్‌లో రెండు సగాలూ మారతాయి. ఆ మొదటి సగం మార్చడమే మనకు అలవాటు లేని పని. అలాగని ‘పడిపోతే’లోని ‘తే’కు సమానమైన ‘సి’ పక్కన ప్రెందెరీయ లాంటి ‘రీయ’ రూపం పెడితే ప్రామాణిక భాషలో తప్పు.

రెండో చోటు: గతంలో ఎవరైనా ఏదైనా చేయమన్నప్పుడు. ‘టెక్నీషియన్ నన్ను మేత తగ్గించమన్నాడు’ అంటే ఎల్ తేక్నికొ మె పిదియో కె బహార ఎల్ బలన్సెయాదొ. మేతను ఈక్వడార్‌లో బలన్సెయాదొ అంటారు, పాఠ్యపుస్తకాల్లో చూడలేదు నేను. ‘ఒహలా’ (అలా జరిగితే బాగుండు), ‘కొమొ సి’ (అన్నట్టుగా) తర్వాత కూడా ఇదే రూపం వస్తుంది. ‘ఒహలా’ తర్వాత మాత్రం జరగడం కష్టం అనిపించినప్పుడే.

వీటిని తెలుగు లిపిలో రాసుకోండి, ఒత్తి పలికే చోట దీర్ఘం పెట్టండి. బహార అంటే ఈ సబ్‌జంక్టివ్, బహరా అంటే ‘తగ్గిస్తాడు’ అనే భవిష్యత్తు. పైన నేను రాసిన పద్ధతి అదే. పుస్తకాల్లో ‘బహాసె’ అనే రూపం ఎదురైతే కంగారుపడకండి. అది బహారకు జోడీ. లాటిన్ అమెరికా మాటల్లో మీకు వినిపించేది ఎక్కువగా ‘ర’ రూపమే.